కాపలా చేప, తవ్వే రొయ్య, మన హాస్టల్

కొల్లేటి పిల్లలకు చేపల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆ సంగతి మాకూ తెలుసు. బొచ్చె ఏదో, శీలావతి ఏదో, కొర్రమేను ఏ బురదలో నక్కుతుందో, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంత సలుపుతుందో మనకు అక్షరాలు రాకముందే తెలుసు. అయినా ఈ వార్షికోత్సవ సంచికకు మేము ఒక చేప గురించే రాస్తున్నాం. అది కొల్లేటి చేప కాదు. మన వలల్లో పడదు. వేలెడంత ఉంటుంది, కూరకు పనికిరాదు. అయినా మన హాస్టల్లో అన్నం తిన్న ప్రతి ఒక్కరూ దాని సంగతి ఒక్కసారి వినాలని మా కోరిక.

ముందుగా మేమెవరమో చెప్పుకోవాలి. 2001లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరి, 2006లో పదో తరగతి పరీక్షలు రాసి బయటికి వెళ్ళిన వాళ్ళం. మాలో కొందరిది కైకలూరు, మండవల్లి వైపు లంకలు. కొందరిది భీమడోలు, పెదపాడు. ఇంకొందరిది తాడేపల్లిగూడెం, పెంటపాడు. ఇప్పుడు ఒకరు బడిలో మాస్టారు, ఒకరు బస్సు కండక్టరు, ఒకరు గూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా, ఒకరు చేపల మేత కంపెనీలో చెరువుల చుట్టూ తిరిగే ఉద్యోగి. ఏడాదికోసారి ఏలూరులో కలుసుకుంటాం. ఈ వ్యాసం మా అందరి మాట.

ప్రతి ఏడూ మన సంచికలో "సీనియర్లు జూనియర్లకు సాయం చేయాలి" అని ఎవరో ఒకరు రాస్తారు. మేమూ రాశాం. అందరం చదువుతాం, బాగుందంటాం. మర్నాడు పొద్దున్నే బోరింగు దగ్గర జూనియర్ చేతికి మన బకెట్ ఇస్తాం. ఎందుకిలా జరుగుతోంది? మన పిల్లల మనసు చెడ్డదా? కాదని మా అభిప్రాయం. సాయం అనే మాటలోనే ఎక్కడో పొరపాటు ఉంది. ఆ పొరపాటు మాకు ఈ చేపను చూశాక అర్థమైంది.

బొరియలో ఇద్దరు

మాలో సైన్సు మాస్టారుగా పనిచేసే మిత్రుడు ఒకరోజు తన ఏడో తరగతి పిల్లలకు ఫోనులో ఒక వీడియో చూపించాడు. సముద్రం అడుగున తెల్లటి ఇసుక. ఇసుకలో ఒక కన్నం. కన్నం గుమ్మంలో ఒక చిన్న చేప కదలకుండా కూర్చుంది. దాని పక్కనుంచి ఒక రొయ్య ఇసుకను బయటికి తోస్తోంది. లోపలికి వెళ్తోంది, మళ్ళీ తోస్తోంది. చెరువు తవ్వకంలో తట్టలు మోసే కూలీలాగా దానికి తీరికే లేదు. చేప మాత్రం కూర్చునే ఉంది.

వీడియో అయిపోగానే ఒక పిల్లవాడు లేచాడు. "మాస్టారూ, మన ఇసుక దొందు రొయ్య కనపడితే మింగేస్తుంది కదండీ. ఇదెందుకు మింగలేదండీ?"

ఇంకొకడు అన్నాడు. "ఆ చేప ఒట్టి సోమరిపోతండి. పనంతా రొయ్యే చేస్తోందండి."

రెండూ మంచి ప్రశ్నలే. రెండో దానికి ముందు జవాబు చెప్పుకుందాం.

ఆ చేప గోబీ అనే కుటుంబానికి చెందినది. చేపల కుటుంబాల్లో ఇది చాలా పెద్దది, ఇందులో 1,500కు పైగా జాతులున్నాయి. వాటిలో 100కు పైగా జాతులు ఇలా రొయ్యతో కలిసి ఒకే బొరియలో కాపురం ఉంటాయి. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా, పగడపు దిబ్బల పక్కనున్న ఇసుకలో ఇవి కనిపిస్తాయి. మన దేశంలో పగడపు దిబ్బలున్నది లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో. మన కృష్ణా గోదావరి తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు లేవు. పగడాలకు తేటనీరు, వెలుతురు కావాలి. మన నదులు తెచ్చే ఒండ్రు సముద్రాన్ని బురదగా ఉంచుతుంది. అందుకే ఉప్పుటేరు వెంట సముద్రం దాకా వెళ్ళినా ఈ జంట మనకు ఎదురుపడదు.

ఇక వీళ్ళ కాపురం సంగతి. బొరియ తవ్వేది రొయ్య. ఇసుక బొరియ కదా, ఎప్పుడూ కూలుతూనే ఉంటుంది. రొయ్య గుల్లపెంకులు, పగడపు ముక్కలు తెచ్చి గోడలకు ఆనిస్తుంది. రోజంతా మరమ్మతే. అయితే దానికి చూపు బాగా తక్కువ. బొరియ దాటి బయటికి వస్తే మీదికి వచ్చే పెద్ద చేపను అది పోల్చుకోలేదు. గోబీకి చూపు చురుకు. కాని దానికి బొరియ తవ్వడం చేతకాదు. దాక్కోవడానికి చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు.

"రొయ్యకు లేదా బారెడు మీసం" అని మనం ఎగతాళి చేస్తాం. ఆ మీసం ఎందుకో ఇక్కడ చూడాలి. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. గుడ్డివాడు తోడున్నవాడి భుజం మీద చెయ్యి వేసినట్టు. దూరంగా అపాయం కనిపిస్తే చేప తోకను చిన్నగా అదిలిస్తుంది. మీసానికి ఆ అదురు తగలగానే రొయ్య లోపలికి వెనక్కి జరుగుతుంది. అపాయం మీదికే వస్తే చేప కూడా తలకిందులుగా బొరియలోకి దూకుతుంది. గుమ్మంలో చేప లేకపోతే రొయ్య బయటికి రావడమే దాదాపు మానేస్తుంది. చీకటి పడ్డాక ఇద్దరూ లోపలే పడుకుంటారు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇలాన్ కార్‌ప్లస్ 1970లలో ఎర్రసముద్రంలో ఈ మీసం మాటలు, తోక మాటలు ఓపికగా గమనించి పరిశోధన చేశారు.

కాబట్టి ఆ చేప సోమరిపోతు కాదు. దాని పని మనకు పనిలా కనపడలేదు, అంతే. కూర్చోవడమే దాని పని. రొయ్య బయట ఉన్నంతసేపూ అక్కడినుంచి లేచిపోకుండా ఉండడం దాని పని.

రొయ్య చేతకానిదేమీ కాదు

ఇంతవరకు విని, పాపం గుడ్డి రొయ్యను చేప కాపాడుతోంది అనుకుంటారేమో. అది కూడా పొరపాటే. ఈ రొయ్యల కుటుంబాన్ని చిటిక రొయ్యలు అందాం. వీటికి ఒక డెక్క రెండోదానికంటే బాగా పెద్దగా ఉంటుంది. ఆ డెక్కను తెరిచి టక్కున మూస్తే తుపాకీ పేలినట్టు చప్పుడు వస్తుంది. ఆ దెబ్బకు దగ్గరలో ఉన్న చిన్న జీవులు సొమ్మసిల్లిపోతాయి. డెక్క రెండు అంచులూ కొట్టుకోవడం వల్లే ఆ చప్పుడు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2000లో శాస్త్రవేత్తలు చాలా వేగంగా తీసే కెమెరాతో చూస్తే అసలు సంగతి తేలింది. డెక్క మూసుకునే ఊపుకు నీరు చిమ్ముతుంది. ఆ చిమ్మే నీటిలో ఒక బుడగ పుడుతుంది. ఆ బుడగ చితికినప్పుడు వచ్చే చప్పుడే అది! చితికే క్షణంలో అతి చిన్న వెలుగు కూడా పుడుతుందని 2001లో బయటపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ రొయ్యల మందలు చేసే చిటపట వల్ల జలాంతర్గాముల చప్పుడు వినడం నౌకాదళాలకు కష్టమైంది. మన తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే వేసింది కూడా ఆ యుద్ధ కాలంలోనే. అంటే మన ఊళ్ళో పెద్దపెద్ద విమానాల కోసం నేల చదును చేస్తున్న రోజుల్లో, సముద్రంలో వేలెడంత రొయ్యలు నౌకాదళాల చెవులు గింగుర్లెత్తించాయన్నమాట.

అంత ఆయుధం ఉన్న కుటుంబంలో పుట్టినది కూడా చూపు కోసం ఇంకొకరి ఒంటికి మీసం ఆనించి నిలబడుతోంది. తోడు అవసరం బలహీనుడికేనని ఎవరన్నారు?

మన దొందు ఎందుకు అలా లేదు?

ఇప్పుడు మొదటి పిల్లవాడి ప్రశ్న. మన దొందు రొయ్యను మింగుతుంది, ఇదెందుకు మింగదు?

మన ఇసుక దొందు కూడా గోబీ కుటుంబమే. నమ్మకం లేకపోతే ఈసారి కూరకు తెచ్చినప్పుడు తిరగేసి చూడండి. పొట్ట కింద రెక్కలు రెండూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. గోబీల్లో చాలావాటికి ఉండే గుర్తు అది. కళ్ళు తల పైభాగాన ఉంటాయి. ఇసుకలో, బురదలో అడుగుకు అంటుకుని కూర్చుంటుంది. చిన్న చేపలనూ రొయ్యలనూ పట్టి తింటుంది. తన జాతి పిల్లలను కూడా వదలదు.

ఒకే వంశం. ఒకరు రొయ్యకు కాపలా, ఇంకొకరు రొయ్యకు యముడు! తేడా మనసులో లేదు, ఉండే చోట ఉంది. కొల్లేట్లో నాచు ఉంది, తూడు ఉంది, గుర్రపుడెక్క ఉంది, బురద ఉంది. దొందుకు దాక్కునే చోటు కొదవలేదు. ఎవరి బొరియా దానికి అక్కర్లేదు. పగడపు దిబ్బ పక్కన బోడి ఇసుక మీద బతికే చేపకు ఆ అదృష్టం లేదు. ఇల్లు కావాలి, ఇల్లు రొయ్య దగ్గర ఉంది. రొయ్యకు చూపు కావాలి, చూపు చేప దగ్గర ఉంది. అవసరమే వాళ్ళిద్దరినీ కలిపింది. చేప దయగలది కాదు. రొయ్య త్యాగమూర్తి కాదు. ఇద్దరికీ పని ఉంది, ఇద్దరికీ ఇంట్లో చోటు ఉంది. అందుకే ఆ కాపురం నిలబడింది.

మిత్రులారా, మన హాస్టల్ ఆ బోడి ఇసుక లాంటిదే. ఇక్కడ అమ్మ కొంగు లేదు, నాయనమ్మ వీపు లేదు. పదకొండేళ్ళ పిల్లవాడు రేకుపెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంటే చుట్టూ దాక్కోవడానికి ఏమీ ఉండదు. ఈ చోటే మనకు తోడు నేర్పాలి. నేర్పిందా?

కాపలాకు వాటా

ఇక్కడ మా నాన్నల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మాలో సగంమంది నాన్నలు చేపల చెరువుల మీద రాత్రి కాపలాదారులు. గట్టు మీద తాటాకు పాక, చేతిలో టార్చిలైటు, కాళ్ళ దగ్గర పాములు, ఒంటినిండా దోమలు. పట్టుబడి రోజున లారీలు వచ్చేవి. చేపలు ఐసు పెట్టెల్లో కలకత్తా వైపు వెళ్ళిపోయేవి. నాన్నకు ఆ నెల కూలి, కూరకు రెండు చేపలు దక్కేవి. ఏడాది పొడుగునా కాపలా కాసిన చెరువులో ఆయనకు చెంబెడు నీళ్ళ మీద కూడా హక్కు లేదు.

1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. మేము పదో తరగతి పరీక్షలు రాసిన 2006లోనే "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలి, పక్షులు రావాలి. అందులో మాకు రెండో మాట లేదు. మేము చూసింది మా ఇళ్ళ సంగతి. గట్టు తెగిన రోజున కాపలా కూలి కూడా తెగిపోయింది. చెరువులో వాటా లేనివాడికి నష్టంలో మాత్రం నిండుగా వాటా దొరికింది.

గోబీ కూడా కాపలాదారే. కాని అది కాపలా కాసే బొరియలోనే రాత్రి పడుకుంటుంది. కాపలాకు కూలి కాదు, ఇంట్లో వాటా దొరుకుతోంది. తోడుకీ ఊడిగానికీ తేడా ఇదే అని మేము అంటున్నాం. ఇద్దరూ పనిచేసి, ఇద్దరికీ వాటా ఉంటే అది తోడు. ఒకరు పనిచేసి ఇంకొకరు అనుభవిస్తే అది ఊడిగం. ఒకరు ఇచ్చి ఇంకొకరు చేతులు కట్టుకుని తీసుకుంటే అది దయ. ఊడిగమూ దయా రెండూ ఎక్కువకాలం మనుషుల్ని కలిపి ఉంచలేవు.

హాస్టల్ పిల్లలకు ఇది ఇంకా బాగా తెలియాలి. "గవర్నమెంటు తిండి తింటున్నారు" అని మనల్ని ఎంతమంది అనలేదు! బలహీనవర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల చదువును ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణం ప్రభుత్వానికి చెప్పింది. మన అమ్మానాన్నల చెమట ఈ దేశపు పొలాల్లో, చెరువుల్లో ఉంది. హాస్టల్ అన్నం దయ కాదు, మన వాటా. ఆ మాట బయటివాళ్ళకు గట్టిగా చెప్పే మనం, లోపల కొత్తగా వచ్చిన పిల్లవాడితో ఏమంటున్నాం? "నీకు గదిలో చోటిచ్చాం, బకెట్ నింపుకురా" అంటున్నాం.

మా తప్పు

మేము అన్నాం. దాచుకోవడం లేదు.

2004లో మేము తొమ్మిదో తరగతి. ఆ జూన్‌లో ఒక లంక ఊరి నుంచి ఆరో తరగతికి ఒక పిల్లవాడు వచ్చాడు. పేరు రాయం. తమ్ముడు అని మాత్రం రాస్తాం. అప్పుడు అలా ఒక్కసారి కూడా పిలవలేదు కాబట్టి ఇప్పుడైనా పిలుద్దామని. తెల్లవారుజామున బోరింగు దగ్గర వరస. మా బకెట్లు వాడే నింపేవాడు. మా కంచాలు వాడే కడిగేవాడు. మేమూ ఆరో తరగతిలో అదే చేశాం కాబట్టి అది తప్పని మాకు తోచలేదు. అత్త చేసిన ఆరళ్ళు కోడలు గుర్తుపెట్టుకుని, తన కోడలి మీద తీర్చుకున్నట్టు!

వాడి నోట్సు అంతా తప్పులు. బడిలో దెబ్బలు తినేవాడు. స్టడీ అవర్లో వాడి పుస్తకం తీసి అందరికీ చదివి వినిపించి నవ్వాం. దసరా సెలవులకు రేకుపెట్టెతో సహా వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు. వాడికి చదువు ఎక్కలేదన్నాం. వారం రోజుల్లో మరిచిపోయాం.

మూడేళ్ళ కిందట మాలో మేత కంపెనీలో పనిచేసే మిత్రుడు కైకలూరు వైపు ఒక చెరువు మీదికి వెళ్ళాడు. మేత బస్తాలు దించుతున్న కాపలా మనిషి దగ్గరికి వచ్చి, దళసరి కళ్ళద్దాలు తుడుచుకుని, "అన్నయ్యా, గుర్తుపట్టారా?" అన్నాడు. తమ్ముడే. పాకలో కూర్చోబెట్టాడు, టీ పెట్టి ఇచ్చాడు. ఎందుకు మానేశావురా అని అడిగితే మామూలుగా చెప్పాడు.

"బోర్డు కనపడేది కాదన్నయ్యా. ముందు బెంచీ అయితే కొంచెం తెలిసేది. ముందెళ్ళినవాళ్ళకే ముందు బెంచీ. మీ బకెట్లు నింపి నేనెళ్ళేసరికి ఎప్పుడూ వెనకాలే. చూపు తక్కువని నాకూ తెలీదు. అందరికీ అలాగే కనపడుతుంది కాబోలు అనుకున్నాను. పెళ్ళయ్యాక ఏలూరులో కంటి పరీక్షల శిబిరానికెళ్తే అప్పుడు చెప్పారు."

"మరి మాకెవరికైనా చెప్పలేకపోయావా?"

"మీరు పిలిస్తే నేను వచ్చేవాణ్ణి గాని, నేను మిమ్మల్ని పిలిచే వీలుండేదా అన్నయ్యా?"

ఆ మాట మా మిత్రుడు ఆ ఏడాది ఏలూరులో మా అందరికీ చెప్పాడు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఒకే గదిలో పడుకున్నాం. ఒకే బకెట్ పట్టుకున్నాం. ఆ పిల్లవాడికి బోర్డు కనపడదని నలభై జతల కళ్ళలో ఒక్క జత కూడా చూడలేదు. మీసం ఆనించడానికి మేము వాడికి ఒక్క వేలు కూడా ఇవ్వలేదు.

ఇంకో జత

అదే హాస్టల్లో, అదే ఏడాది, ఇంకో సంగతి కూడా జరిగింది. మాలో ఒకడికి నిద్రమత్తు ఎక్కువ. తెల్లవారుజామున లేచి చదవడం వాడివల్ల కాదు. ఏడో తరగతిలో ఒక పిల్లవాడికి నాలుగింటికే మెలకువ వచ్చేది. నాన్నతో వల తీయడానికి వెళ్ళిన అలవాటు. ఆ పిల్లవాడికి ఇంగ్లీషు అంటే భయం. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. చిన్నవాడు లేపాలి, పెద్దవాడు గంటసేపు ఇంగ్లీషు చెప్పాలి. ఎవరూ ఎవరికీ సాయం చేస్తున్నామని అనుకోలేదు. చిన్నవాడు ఊరెళ్ళిన రోజున పెద్దవాడు నిద్రపోయి తిట్లు తిన్నాడు. పెద్దవాడికి జ్వరం వచ్చినప్పుడు చిన్నవాడు వార్డెన్ గారి తలుపు కొట్టాడు. ఇద్దరూ పది పాసయ్యారు. పెద్దవాడే ఇప్పటి మా కండక్టరు. ఈ రోజుకీ ఒకరింటి శుభకార్యం ఇంకొకరు లేకుండా జరగదు.

ఒకే కప్పు కింద ఒక జత నిలబడింది, ఒక పిల్లవాడు వెళ్ళిపోయాడు. మాకంటే ఆ నిద్రమత్తు మనిషి మంచివాడా? అదేమీ కాదు. వాడు కూడా తమ్ముడి చేత బకెట్ మోయించినవాడే. కాని ఆ ఏడో తరగతి పిల్లవాడి దగ్గర తనకు కావలసినది ఒకటి ఉందని వాడికి తెలిసింది. తమ్ముడి దగ్గర ఏముందో మేము ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే వాడు తూడుకాడలతో పడవ అల్లేవాడని, నీటి మీద పక్షి నీడ చూసి పేరు చెప్పేవాడని తెలిసేది. అవన్నీ ఆ రోజు పాకలో కూర్చున్నప్పుడు తెలిశాయి.

ఏం చేద్దాం?

"చేపల్ని చూసి మనుషులు నేర్చుకోవాలా?" అని ఎవరైనా అడగవచ్చు. చేపలకు నీతి లేదు, నిజమే. మేము నీతి నేర్చుకోమనడం లేదు. ఏర్పాటు నేర్చుకోమంటున్నాం. మంచి మనసున్న సీనియర్ కోసం ఎదురుచూస్తే కొందరు పిల్లలకు దొరుకుతాడు, కొందరికి దొరకడు. ఏర్పాటు ఉంటే మామూలు మనసు చాలు. గోబీకి గొప్ప మనసు లేకుండానే రొయ్య బతుకుతోంది కదా!

అందుకని ఈ ఏటి హాస్టల్ పిల్లలకూ పెద్దలకూ మేము నాలుగు సంగతులు మనవి చేస్తున్నాం.

ఒకటి. కొత్త పిల్లవాడు చేరిన మొదటి వారంలోనే వాడిని ఒక పెద్ద తరగతి విద్యార్థితో జత చేయాలి. జతల పట్టిక భోజనాల పట్టిక పక్కన గోడకు అంటించాలి.

రెండు. ఆ పట్టికలో ప్రతి ఒక్కరి పేరు ఎదుట వారు జతకు ఏం ఇస్తారో రాయాలి. పెద్దవాడికే కాదు, చిన్నవాడికీ రాయాలి. లెక్కలు కావచ్చు, పొద్దున్నే లేపడం కావచ్చు, పద్యం బాగా అప్పజెప్పడం కావచ్చు, ఈత నేర్పడం కావచ్చు. ఏమీ లేని పిల్లవాడు ఉండడు. బకెట్ నింపడం, బట్టలుతకడం, కంచం కడగడం మాత్రం ఆ పట్టికలో ఉండకూడదు. ఎవరి బకెట్ వారే మోసుకోవాలి.

మూడు. చేరిన రోజునే స్టడీ హాల్లో బోర్డు మీద నాలుగు మాటలు రాసి, చివరి వరసలో కూర్చోబెట్టి చదివించాలి. చదవలేకపోతే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో "కంటి వెలుగు" కింద బడిపిల్లలకు కంటి పరీక్షలు మొదలుపెట్టినప్పుడు మేము ముందుగా తలుచుకున్నది తమ్ముడినే. శిబిరాలు వచ్చినప్పుడు వస్తాయి. వెనక బెంచీ నుంచి చదివించి చూడడానికి ఏ శిబిరమూ అక్కర్లేదు. ఒక సుద్దముక్క చాలు.

నాలుగు. ఇది మా వంతు. కళ్ళద్దాలు అవసరమని తేలిన ప్రతి పిల్లవాడికీ మా బ్యాచ్ కొనిపెడుతుంది. దీన్ని విరాళం అనవద్దని మనవి. ఆ పిల్లవాడు ఏడాది చివర మాకు ఒక ఉత్తరం రాయాలి. హాస్టల్లో ఏం బాగుందో, ఏం బాగాలేదో ఉన్నదున్నట్టు రాయాలి. ఇప్పుడు మేము బయట ఉన్నాం, లోపలి సంగతి మాకు కనపడదు. మాకు కావలసిన చూపు వాళ్ళ దగ్గర ఉంది.

తమ్ముడికి ఈ వ్యాసం చదివి వినిపించాం. పేరు వద్దన్నాడు. వాడి కూతురికి ఈ ఏడు అయిదో తరగతి. వచ్చే ఏడు ఆరులో చేరుస్తాడట, బాలికల హాస్టల్లో. "అక్కడ కూడా ఈ కాగితం ఒకటి ఇప్పించండి అన్నయ్యా" అన్నాడు. ఇప్పిస్తామని మాటిచ్చాం.

వచ్చే జూన్‌లో మన గేటు దగ్గర కూడా ఒక పిల్లవాడు రేకుపెట్టె దించుకుని నిలబడతాడు. మీలో ఎవరో ఒకరు వాడిని మొదట చూస్తారు. వాడి చేతికి బకెట్ ఇవ్వకండి. వాడి పేరు అడగండి, వాడికి ఏం వచ్చో అడగండి. తరవాత బోర్డు మీద ఆ పేరు రాసి, వెనక బెంచీ నుంచి చదవమనండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

2005–06 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు